గేటు చీటీ

పీటను చంకలో పెట్టుకుని వంటావిడ గేటు దాటబోతుంటే సెక్యూరిటీ అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"చీటీ ఏది పిన్నీ?"

"ఏం చీటీ?"

"సామాను బయటికి పోతోంది కదా. ఫ్లాటువాళ్ళు రాసిచ్చిన చీటీ ఉండాలి."

సామాను అన్న మాట వినగానే ఆవిడ తన చంకలోకి తనే వింతగా చూసుకుంది. జానెడు ఎత్తు పీట, నాలుగు పొట్టి కాళ్ళు, మధ్యలో రెండు పాదాలూ ఆనే చోట నున్నగా అరిగిపోయిన చెక్క. ఆవిడ మరీ పొట్టి మనిషి. ఆ అపార్టుమెంటులో వంటగది గట్లు ఏ ఆరడుగుల మనిషిని దృష్టిలో పెట్టుకుని కట్టారో గానీ, పీట ఎక్కకపోతే ఆవిడకి గిన్నె మూత కనిపించేదే తప్ప గిన్నెలో ఏముందో కనిపించేది కాదు. పదకొండేళ్ళుగా ఆ ఇంట్లో ఉడికిందంతా ఈ పీట మీద నిలబడి ఉడికించిందే.

"ఇది నాదే అబ్బాయ్. నా చంకలోనే లోపలికి వచ్చింది."

"వచ్చినప్పుడు నేను డ్యూటీలో లేను కదా పిన్నీ," అన్నాడతను నసుగుతూ. చెడ్డవాడేం కాదు. ఎండగా ఉన్న రోజుల్లో ఆవిడ ఇచ్చే మజ్జిగ తాగినవాడే. "కారు డిక్కీలు తెరిపించే ధైర్యం నాకు లేదు. మీ సంచులు చూడకపోతే మాత్రం నా ఉద్యోగం ఊడుతుంది. నన్నేం చెయ్యమంటావ్ చెప్పు."

చెప్పడానికి ఆవిడ దగ్గర చాలానే ఉంది. కానీ వెనకాల ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు పని ముగించుకుని, సంచులు తెరిచి పట్టుకుని, తమ వంతు కోసం నిలబడి ఉన్నారు. ఆవిడ వెనక్కి తిరిగింది.

నాలుగో అంతస్తులో అమ్మగారు కంప్యూటరు ముందు కూర్చుని ఎవరితోనో మాట్లాడుతున్నారు. బ్యాంకులో పెద్ద ఉద్యోగం. నడుం నొప్పి మొదలయ్యాక వారానికి మూడు రోజులు ఇంటి నుంచే పని. అవతలి మనిషిని ఆగమని చెప్పి, వంటావిడ గోడు సగం విని, సొరుగులోంచి గులాబీరంగు కాగితాల పుస్తకం తీసి, గబగబా రాసి చింపి ఇచ్చారు.

"ముందే అడగొచ్చు కదా. ఇలా నాలుగు సార్లు పైకీ కిందకీ తిరగడం ఎందుకు?"

పనివాళ్ళ లిఫ్టు ఎప్పటిలాగే ఎక్కడో ఆగి ఉంది. అది వచ్చేలోపు వంటావిడ కాగితం చదవడం మొదలుపెట్టింది. అయిదో తరగతి దాకా చదివిన చదువు. అక్షరాలు ఒక్కొక్కటిగా కూడబలుక్కుంటే గానీ మాట తయారవదు, కానీ తయారైన మాటను మళ్ళీ మరిచిపోయే రకం కాదు. అచ్చులో ఉన్నది ఇది: ఈ కింది పాత సామాను మా పనిమనిషికి మేము ఇచ్చినది. బయటికి తీసుకువెళ్ళనివ్వగలరు. దాని కింద అమ్మగారి చేతిరాత: పీట ఒకటి.

లిఫ్టు వచ్చింది, తలుపు తెరుచుకుంది, కాసేపు చూసి మూసుకుంది. ఆవిడ ఎక్కలేదు.

"అమ్మా, ఇది మీరిచ్చింది కాదు," అంది తిరిగి వెళ్ళి, గుమ్మం దగ్గరే నిలబడి.

"ఏది?"

"పీట. ఇందులో మీరిచ్చారని ఉంది."

అమ్మగారు చెవిలోంచి యంత్రం తీశారు. "అది ఫారం. అసోసియేషన్‌వాళ్ళు అచ్చు వేయించింది. ఎవరు ఏది తీసుకెళ్ళినా అదే రాస్తాం. గేటు దాటడం కావాలా, పేచీ కావాలా నీకు?"

"నాది అని రాసివ్వండి చాలు."

"అలాంటి ఫారం లేదు," అన్నారు అమ్మగారు, బ్యాంకులో చెప్పినట్టే.

వంటావిడ పీటను మళ్ళీ పొయ్యి ముందు పెట్టింది. గులాబీ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఉప్పు డబ్బా కింద ఉంచింది. ఉత్త చేతులతో కిందకి దిగి గేటు దాటింది. ఉత్త చేతులకి ఏ చీటీ అక్కర్లేదు.

వంటగదిని ఆనుకుని ఉన్న గదిలో ఉండేది ఆవిడ ఇన్నాళ్ళూ. పక్షం కిందట టీ తాగుతూ అమ్మగారు మెల్లగా చెప్పారు. ఆ గదిని అయ్యగారికి ఆఫీసు గదిగా మారుస్తున్నాం, శనివారం వడ్రంగి పని మొదలుపెడతాడు, నువ్వు దగ్గర్లో ఓ గది చూసుకుని పొద్దున ఏడింటికి వచ్చి సాయంత్రం వెళ్ళిపో అని. వంటావిడ సరేనంది. ఏడవలేదు, అలగలేదు. నిజం చెప్పాలంటే లోలోపల సంతోషించింది కూడా. తలుపు గడియ తను వేసుకుంటే తను మాత్రమే తీసే గది ఒకటి ఉంటుందని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు.

బస్సు డిపో వెనక వీధిలో మేడమీద గది దొరికింది. కానీ ఆ గదిలో కాలు పెట్టిన రోజు నుంచీ ఏదో తేడాగా ఉంది. గోడకి మేకు లేదు, తువ్వాలు ఎక్కడ వెయ్యాలో తెలీదు. కిటికీకి తెర లేదు, అవతలి మేడమీద బట్టలారేసే మనిషితో అస్తమానం చూపులు కలుస్తాయి. దీపం స్విచ్చి కోసం చెయ్యి అలవాటుగా ఎడమవైపుకి పోతుంది, అక్కడ ఉత్త గోడ. ఇల్లుగల ముసలమ్మ తొంగిచూసి, "సత్రంలో దిగినట్టు కూర్చున్నావేమిటమ్మా," అని ఎకసెక్కం ఆడి పోయింది. ఆ మాట వంటావిడకి సర్రున తగిలింది. నా సామాను రానీ, అప్పుడు చూద్దువుగాని, అనుకుంది మనసులో.

సామాను మొత్తం ఒక్కసారిగా కాకుండా రోజుకొకటి పట్టుకెళ్ళాలని ఆవిడ పథకం. అందులో మొదటిదే గేటు దగ్గర ఆగిపోయింది.

మర్నాడు కూరలు తరుగుతూ ఆ సంగతి బట్టలావిడకి చెప్పింది. బట్టలావిడ ఆ అంతస్తులో నాలుగు ఇళ్ళల్లో బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసి పెట్టే మనిషి. మాట పెళుసు, మనసు మెత్తన.

"ఇచ్చారని రాస్తే నీకు పోయేదేముంది వదినా? నా గొడుగు సంగతి తెలుసుగా. పొద్దున వానలో వేసుకొచ్చాను, సాయంత్రం వాన లేదు. చేతిలో గొడుగు చూసి ఆపేశాడు. మూడో నంబరు ఇంట్లోవాళ్ళు రాసిచ్చారు. పాత గొడుగు ఒకటి, మేము ఇచ్చినది. మా ఆయన కొన్న గొడుగు!" అని పకపకా నవ్వింది.

వంటావిడ నవ్వలేదు. "నువ్వు ఊరుకున్నావా?"

"ఊరుకోక? గొడుగు ఇంటికి చేరిందా లేదా?"

"గొడుగు చేరింది. కానీ ఆ పుస్తకంలో కాపీ ఉండిపోయింది చూడు. రేపెప్పుడైనా ఎవరైనా తిప్పి చూస్తే నీ గొడుగు వాళ్ళ ధర్మమే."

బట్టలావిడ మూతి ముడుచుకుంది. ఇంతసేపూ తమాషాగా ఉన్న విషయం ఉన్నట్టుండి తమాషాగా లేకుండా పోయింది. "నీతో మాట్లాడితే ఉన్న సుఖం కూడా పోతుంది," అంటూ ఇస్త్రీపెట్టె దగ్గరకి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం వంటావిడ మళ్ళీ అడిగింది. అమ్మగారు మళ్ళీ అదే చెప్పారు. పక్కనే ఉన్న అయ్యగారు పేపరులోంచి తల ఎత్తకుండానే, "పోనీ, ఆ పీట ఇక్కడే వదిలెయ్యరాదూ, కొత్తది కొనిపెడతాం," అన్నారు. మంచి మాటే అన్నాననుకున్నారు పాపం.

"అది మాత్రం మీరిచ్చిందే అవుతుంది కదండీ," అంది ఆవిడ.

అయ్యగారు పేపరు ఇంకాస్త పైకెత్తుకున్నారు.

శుక్రవారం వడ్రంగి కొలతలకి వచ్చాడు. చెవి మీద పెన్సిలు పెట్టుకుని, ట్రంకుపెట్టెను కాలితో పక్కకి నెట్టి, గోడకున్న అద్దాన్ని పీకి మంచం మీద బోర్లా పడేశాడు. "ఈ చెత్తంతా సాయంత్రానికి తీయించెయ్యండి మేడమ్. లేకపోతే రేపు రాళ్ళతో పాటు మా లారీలో ఎత్తేస్తాం," అన్నాడు.

వంటావిడ పొయ్యి కట్టేసింది. కూర ఇంకా ఉడకలేదు, అయినా కట్టేసింది. మసిగుడ్డకి చేతులు తుడుచుకుని వచ్చి, అద్దాన్ని తిరగేసి చూసుకుంది. పగల్లేదు. దాన్ని రెండు చేతులతో గుండెలకి ఆనించుకుని హాల్లో అమ్మగారి ముందు నిలబడింది.

"అమ్మా, నా సామాను నేను ఇవాళే తీసుకెళ్తాను. మీరిచ్చారని రాస్తే మాత్రం ఒక్క పుల్ల కూడా తీసుకెళ్ళను. లారీలో వెయ్యండి, పొయ్యిలో పెట్టుకోండి, మీ ఇష్టం. కానీ రేపటి నుంచి ఈ ఇంట్లో నా చేతి వంట ఉండదు."

పదకొండేళ్ళలో ఆవిడ గొంతు ఇంత పైకి లేవడం అదే మొదలు. చేతుల్లో అద్దం కదిలి, గోడ మీద వెలుగు చుక్క ఒకటి గంతులేసింది. పని పోతే ఈ వయసులో ఎవరిస్తారన్న భయం లేకపోలేదు. భయం ఉంటే ఉండనీ, మాట అయితే బయటికి వచ్చేసింది, ఇక దాన్ని మింగేది లేదు.

అమ్మగారి ముఖం ఎర్రబడింది. వడ్రంగి ముందు ఈ మాట పడడం మరీ కష్టంగా ఉన్నట్టుంది.

"బెదిరిస్తున్నావా? సరే. పద. ఏవేవి నీవో చూపించు, అన్నీ రాస్తాను. పీటా, పెట్టే, అంతే కదా? ఈ గొడవ ఇవాళ్టితో తెగిపోవాలి." గులాబీ పుస్తకమూ పెన్నూ పట్టుకుని విసురుగా లేచారు.

గదిలోవి తొందరగానే అయిపోయాయి. ట్రంకుపెట్టె, అద్దం, చాప, తలగడ, కిటికీ తెర. గోడ మేకులు రెండు కూడా రాయించింది వంటావిడ, వడ్రంగి చేతనే పీకించి. "మేకులా?" అన్నారు అమ్మగారు. "నేను కొనుక్కొచ్చి నేనే కొట్టుకున్నానమ్మా," అంది. అమ్మగారు రాశారు.

తర్వాత వంటావిడ గది దాటి వంటగదిలోకి నడిచింది.

పీట. కూరలు తరిగే చెక్క. పిడి విరిగితే గుడ్డ చుట్టి దారంతో బిగించిన చిన్న కత్తి. టీ వడకట్టే జాలి. "జాలి మనదే కదా?" అన్నారు అమ్మగారు. "మనది పోయిన ఏడాది చిరిగిందమ్మా. చెబితే తెస్తానన్నారు. రెండు నెలలు చూసి నేనే తెచ్చుకున్నాను." అమ్మగారు రాసుకున్నారు. బాల్కనీలో బట్టల తాడు, దాని క్లిప్పుల బుట్ట. గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకోడానికి తను అల్లిన పట్టా. టిక్కుటిక్కుమనే అలారం గడియారం, ఎన్నో ఏళ్ళుగా ఆ ఇంట్లో అందరూ దాని మోతకే లేస్తున్నారు. పోపు డబ్బా జోలికి ఆవిడ పోలేదు, అది వాళ్ళదే. చెంచాల జోలికీ పోలేదు. తనది కానిదాన్ని చూపుడు వేలితో కూడా తాకలేదు.

ఆఖర్న వంగి ఫ్రిజ్జు కింది నుంచి చిన్న చెక్కముక్క లాగింది. ఫ్రిజ్జు ఒక పక్కకి ఒరిగింది, తలుపు దానంతటదే తెరుచుకుని చల్లగాలి అమ్మగారి మోకాళ్ళకి కొట్టింది.

"అది కూడానా!"

"పీట కాలు కోయించినప్పుడు మిగిలిన ముక్కమ్మా. కావాలంటే పీట పక్కన పెట్టి చూసుకోండి, చెక్క ఒకటే."

అమ్మగారు ఫ్రిజ్జు తలుపు మూశారు. అది మళ్ళీ తెరుచుకుంది. మళ్ళీ మూశారు. ఈసారి వీపు ఆనించి నిలబడి, పదహారో వస్తువు కింద రాశారు: చెక్కముక్క ఒకటి. విసురు ఎక్కడ దిగిపోయిందో గానీ దిగిపోయింది. వేరే ఎవరి ఇంటికో వచ్చినట్టు చుట్టూ చూశారు.

"ఇంకా ఉన్నాయా?"

"ఒకటుంది."

హాల్లో అమ్మగారి కుర్చీ మీద, నడుముకి ఆనుకునే చోట, నాలుగు మడతలుగా వేసిన బొంత ఉంది. వంటావిడ దాన్ని చూపించింది.

"అది నాది," అన్నారు అమ్మగారు వెంటనే. "అది లేకపోతే నేను అరగంట కూడా కూర్చోలేను. ఎన్నాళ్ళ నుంచో ఉంది ఇంట్లో."

"మీకు నడుం పట్టేసి మంచం దిగలేకపోయిన నెలలో కుట్టాను. దూది దిండ్లు మెత్తగా ఉన్నా నొప్పి తగ్గట్లేదన్నారు. గట్టిగా ఉండాలని నా పాత బట్టలు పొరలు పొరలుగా పేర్చి కుట్టాను. తిప్పి చూడండి."

అమ్మగారు తిప్పి చూశారు. అడుగు పొరలో నీలం పూల గుడ్డ. ఆ నీలం పూలు ఒకప్పుడు వంటావిడ చీర మీద రోజూ తన పొయ్యి ముందు అటూ ఇటూ తిరిగినవే. కుట్లు చిన్నచిన్నవి, దగ్గర దగ్గరగా, ఎక్కడా తప్పకుండా వెళ్ళాయి. అమ్మగారి వేలు ఆ కుట్ల మీద కొంతదూరం నడిచి ఆగింది.

"నేను కొన్నదనుకున్నాను," అన్నారు మెల్లగా.

వంటావిడ జాలిపడలేదు. పదిహేడు అని అంకె వేసి, బొంత ఒకటి అని రాసేదాకా అక్కడే నిలబడింది. అప్పుడు అమ్మగారు కాగితం పైకి చూసి, అచ్చులో ఉన్న 'మేము ఇచ్చినది' అన్న మాటల మీద గీత కొట్టారు. పైన రాశారు: ఆమెవే. సంతకం పెట్టారు. పెన్ను మూత పెట్టడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.

కబురు పెడితే వచ్చిన బండివాడు మెట్లకింద ఎదురుచూస్తున్నాడు. బట్టలావిడ పని మానుకుని వచ్చి ఓ చెయ్యి వేసింది. సామానంతా తోపుడుబండి మీదకెక్కాక చూస్తే పెద్ద గుట్టేం కాలేదు. వంటావిడకి మాత్రం అదొక ఇల్లు నడిచి వెళ్తున్నట్టే ఉంది.

మనుషులు పోయే చిన్న గేటులో బండి పట్టలేదు. కార్లకి వేసే అడ్డకమ్మీ దగ్గర ఆపుకుని చీటీ ఇచ్చింది. సెక్యూరిటీ అతను చదివాడు, కాగితం వెనక్కి తిప్పి చూశాడు, మళ్ళీ చదివాడు.

"పిన్నీ, ఇక్కడ కొట్టేసి రాశారే. ఇలా ఎప్పుడూ చూడలేదు నేను."

"సంతకం ఉందా లేదా?"

"ఉందనుకో." అతను బండి చుట్టూ తిరిగి లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. "చీటీలో పదిహేడు ఉన్నాయి. బండి మీద పదహారే ఉన్నాయి. ఎక్కువుంటే ఆపమన్నారు. తక్కువుంటే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు." నిజంగానే చెమటలు పట్టాయతనికి. "ఆఫీసులో అడిగి వస్తా, ఉండు."

"అడుగు. నాకేం తొందర లేదు."

ఆవిడ బండి మీంచి పీట దించుకుని, అడ్డకమ్మీకి ఎదురుగా, సరిగ్గా దారి మధ్యలో వేసుకుని కూర్చుంది. సెక్యూరిటీ అతను అడుగు వేసేలోపే వెనక ఒక కారు వచ్చి ఆగింది. దాని వెనక ఇంకొకటి. హారన్ మోగింది. చిన్న గేటు దగ్గర సంచులు తెరిచి నిలబడ్డ ఆడవాళ్ళు ఇటు తిరిగారు. బట్టలావిడ వాళ్ళ చెవుల్లో ఏదో ఊదుతోంది. వంటావిడ లేవలేదు. పదకొండేళ్ళూ నిలబడ్డ పీట మీద కూర్చుంటే ఇంత హాయిగా ఉంటుందని ఇప్పుడే తెలిసింది.

అప్పుడు అమ్మగారు లిఫ్టు దిగి, చెప్పులు ఈడ్చుకుంటూ, ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని వచ్చారు. రెండో చేతిలో బొంత.

"కుర్చీలో వదిలేసి వచ్చావు," అన్నారు ఆయాసపడుతూ. "నీదని రాశాను కదా. తీసుకెళ్ళు. నాకు ఎవరిదీ ఊరికే అక్కర్లేదు."

ఆ ఆఖరి మాట అన్నాక, తనే చేతిలో బొంత వైపు చూసుకున్నారు.

వంటావిడ లేచింది. "పదిహేడు అయ్యాయి కదా అబ్బాయ్, లెక్క సరిపోయింది. ఆ గులాబీ కాగితం ఖాళీది ఒకటి ఇటివ్వు."

"నీకెందుకు పిన్నీ?"

"ఇవ్వవయ్యా."

గేటు దగ్గరుండే పుస్తకంలోంచి ఒకటి చింపి ఇచ్చాడు. కాగితం బండి చెక్క మీద పెట్టుకుని, అతని పెన్నే తీసుకుని రాయడం మొదలుపెట్టింది. హారన్లు మోగుతూనే ఉన్నాయి. అక్షరాలు ఒక్కొక్కటే, తలకట్లు మరిచిపోకుండా, తీరుబడిగా రాసింది. అచ్చులో ఉన్న 'మా పనిమనిషికి' మీద గీత కొట్టి 'మా అమ్మగారికి' అని రాసింది. 'మేము ఇచ్చినది' జోలికి వెళ్ళలేదు. కింద రాసింది: బొంత ఒకటి. ఫ్లాటు నంబరు అడిగిన చోట డిపో వెనక వీధి, మేడమీద గది అని నింపింది. తన పేరంతా పూర్తిగా సంతకం పెట్టింది.

కాగితం తీసి, అమ్మగారి చేతిలో బొంత మీద పెట్టింది.

"ఇప్పుడు తీసుకెళ్ళండమ్మా. ఇది ఊరికే కాదు, ఇచ్చింది. ఎవరడిగినా చూపించుకోవచ్చు."

అమ్మగారు చదివారు. ఒకసారి చదివితే చాలే కాగితం కాదన్నట్టు మళ్ళీ చదివారు. చుట్టూ కార్లూ, మనుషులూ, తెరిచిన సంచులతో ఆడవాళ్ళూ. చెయ్యి చాచి వెనక్కి ఇచ్చేస్తారేమో అనుకుంది బట్టలావిడ. అమ్మగారు కాగితాన్ని మడిచి, బొంత మడతలో దోపి, బొంతను రెండు చేతులతో దగ్గరికి పట్టుకున్నారు.

"రేపు ఏడింటికి వస్తావు కదా?" అని అడిగారు. గొంతులో ఆజ్ఞ లేదు.

సెక్యూరిటీ అతను ఆఫీసుకి వెళ్ళే మాట మరిచిపోయి అడ్డకమ్మీ పైకెత్తి పట్టుకున్నాడు. వంటావిడ పీటను తీసి బండి మీద అన్నిటికన్నా పైన పెట్టింది, తాడు బిగించింది.

"ఆలోచించుకుని చెబుతానమ్మా," అంది.

ఆ మాట ఆవిడ నోట రావడం ఎవరూ ఎన్నడూ వినలేదు, ఆవిడతో సహా. అమ్మగారు సరేనన్నట్టు తల ఊపారు, జవాబు కోసం ఆగాల్సిన మనుషులు ఊపినట్టు. వంటావిడ బండికి ఓ పక్క చెయ్యి వేసి, "నడు తమ్ముడూ," అంది బండివాడితో.